చట్నీ ఎలా ఉందని అడిగిన సిస్టరు గారు

"రెండు రోజులు చూద్దామండీ. మందులకి లొంగితే సరే. లొంగకపోతే మోకాలి కింద వరకూ తీసెయ్యాల్సొస్తుంది."

ఈ మాట అన్న డాక్టరు గారు చాలా మర్యాదస్తుడు. కుర్చీ లాక్కుని నా మంచం పక్కన కూర్చుని, నా మొహంలోకి చూసి మరీ చెప్పారు. నేనూ మర్యాదస్తుణ్ణే. "ఆయ్, అలాగేనండీ" అన్నాను. పెళ్ళివారు ఆఖరి నిమిషంలో వచ్చి ఇంకో యాభై మందికి ఎక్కువ వండమన్నా నేను ఆ మాటే అంటాను. ఆయన అటు వెళ్ళగానే దుప్పటి నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

నా పేరు సత్తిబాబు. కొత్తపేట మాది. చుట్టుపక్కల పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ వంటలు చేస్తాను. ఇరవై ఎనిమిదేళ్ళుగా గాడిపొయ్యి ముందు నిలబడే బతికాను. నిలబడడమే మా పని. ఒక చేత్తో గుండిగ వంచాలన్నా, పనసపొట్టు కూరలో ఆవ కలపాలన్నా రెండు కాళ్ళూ నేలమీద గట్టిగా ఆనాలి. కాలు లేని వంటవాణ్ణి ఎవరు పిలుస్తారు చెప్పండి?

ఇప్పుడు కాస్త తేరుకున్నాను. మా ఆవిడ మంగ నన్ను తిట్టడం మళ్ళీ మొదలుపెట్టింది, అంటే గండం గడిచినట్టే. ఆ ఆసుపత్రిలో పదిహేను రోజులు నేను చూసినదీ, నేను చేసిన బుద్ధితక్కువ పనీ ఎవరికైనా చెబితే గానీ నాకు కుదుటపడేలా లేదు. ఆసుపత్రి పేరు మాత్రం అడక్కండి. అమలాపురంలో ఉందని చెప్పగలను. మిగతాదంతా వాళ్ళ మంచితనమే చెబుతుంది.

శ్రావణమాసం

పి.గన్నవరంలో ఒక పెళ్ళి. దప్పళం గుండిగ దింపుతుంటే పొయ్యిలోంచి నిప్పు కణిక ఒకటి జారి నా కుడి కాలి మీద పడింది. పడిందని నాకు తెలియనే లేదు. పని ముగించి కాళ్ళు కడుక్కుంటుంటే చిటికెన వేలి పక్కన బొబ్బ కనబడింది. నాకు తొమ్మిదేళ్ళుగా షుగరు. బిళ్ళ గుర్తున్న రోజు వేసుకుంటాను, గుర్తులేని రోజు వేసుకున్నాననుకుంటాను. కాళ్ళు మొద్దుబారి రెండేళ్ళయింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

"కాలికేవిటండీ అది?" అంది మంగ.

"ఏం లేదే. నూనె చుక్క పడింది."

ఆ కాలితోనే ఇంకో మూడు పెళ్ళిళ్ళు చేశాను. నొప్పి లేదు కదా అనే ధీమా. పప్పు అడుగంటితే వీధి చివర్నుంచి పసిగట్టే ముక్కు నాది. నా కాలు కుళ్ళుతున్న వాసన మాత్రం నాకు తెలియలేదు. మంగకి తెలిసింది. ఓ పొద్దున్న దుప్పటి లాగి చూసి, "అమ్మ బాబోయ్!" అని నెత్తిన చెయ్యి పెట్టుకుంది. వేళ్ళు నల్లబడి పాదం అంతా వాచిపోయింది. ఆటో పిలిచి నన్ను ఎక్కించింది. అమలాపురం వెళ్ళేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. ఆవిడ తిట్టకపోతే నాకు భయం.

మొదటి రెండు రోజులు

వరండాలో బెంచీ మీద మూడు గంటలు కూర్చున్నాం. పక్కనున్నాయన ఎవరో, నా కాలు చూసి తన సంచీ తీసి నా మడమ కింద పెట్టాడు. "ఎత్తుగా ఉంచండి, సుఖంగా ఉంటుంది" అన్నాడు. తన నంబరు రాగానే సంచీ వదిలేసి లోపలికి వెళ్ళిపోయాడు. మళ్ళీ వచ్చి తీసుకున్నప్పుడు నేను పేరైనా అడగలేదు.

నాకిచ్చింది ఎనిమిది మంచాల వార్డులో మూడో మంచం. అక్కడే ఎస్తేరు గారిని చూశాను. వార్డుకి పెద్ద సిస్టరు ఆవిడ. యాభై దాటిన మనిషి, పొట్టి, గొంతు మాత్రం చివరి మంచం దాకా వినబడుతుంది. తండ్రి కూలికెళ్ళి నర్సింగు చదివించాడని ఆవిడే ఒకసారి చెప్పారు. "మా నాన్న చదువుకోలేదండీ. అందుకే ఏది చెప్పినా నా చేత రెండుసార్లు చెప్పించుకునేవోడు. ఆ అలవాటే నాకూ వొచ్చింది" అన్నారు.

ఆ అలవాటు ఎలాంటిదో మొదటి మధ్యాహ్నమే చూశాను. నర్సులు డ్యూటీ మారేటప్పుడు బల్ల దగ్గర పుస్తకం ఒకళ్ళ చేతిలో ఒకళ్ళు పెట్టి వెళ్ళిపోవడం ఆ వార్డులో కుదరదు. వెళ్ళేవాళ్ళూ వచ్చేవాళ్ళూ కలిసి ప్రతి మంచం దగ్గరికీ రావాలి. వెళ్ళే అమ్మాయి మనిషిని పేరు పెట్టి చెప్పి, ఏం జరిగింది, ఏ మందు ఇచ్చాం, ఏది మిగిలింది అని పైకి చెప్పాలి. వచ్చిన అమ్మాయి అదంతా తిరిగి అప్పజెప్పాలి. అప్పుడు ఎస్తేరు గారు మంచం మీదున్న మనిషి వైపు తిరిగి, "ఇందులో ఏమైనా తేడా ఉందా అండీ?" అని అడుగుతారు. నా రోగం గురించి నన్నే అడగడం ఏమిటో నాకు మొదట అర్థం కాలేదు. సిగ్గేసింది. 

"ఇవి అప్పగింతలండీ" అన్నాను. "పెళ్ళికూతుర్ని అత్తారికి అప్పజెప్పినట్టు నన్ను అప్పజెబుతున్నారు."

ముసిముసిగా నవ్వింది నర్సు దివ్య. పాతికేళ్ళుంటాయేమో ఆ పిల్లకి. పి.గన్నవరం అమ్మాయి. నన్ను బాబాయ్ గారూ అని పిలిచేది. కట్టు మార్చేటప్పుడు ఏం చెయ్యబోతుందో ముందే చెప్పి చేసేది. "ఇప్పుడు నీళ్ళు పోస్తానండి, ఇప్పుడు దూది తీస్తానండి" అంటుంటే ఆ గొంతు వినే నాకు సగం భయం తీరేది.

ఇక వంటవాడి నోరు ఊరుకుంటుందా? క్యాంటీను చట్నీ మీద నా అభిప్రాయం వార్డంతా విన్నది. కొబ్బరి ముదురు, పోపు పచ్చి, ఉప్పు చాలలేదు. కోనసీమలో ఉండి కొబ్బరి చట్నీ చెయ్యడం రాకపోతే ఇంక ఊరెందుకు అన్నాను. దివ్య ఆ సాయంత్రం అప్పగింతల్లో మందులన్నీ చెప్పాక, "బాబాయ్ గారికి చట్నీ నచ్చలేదండి. పది నిమిషాలు చెప్పేరు" అంది. అందరూ నవ్వారు. ఎస్తేరు గారు నవ్వకుండా, "అదీ గుర్తుపెట్టుకోండమ్మా. తిండికి వంకలు పెడుతున్నారంటే మనిషి బానే ఉన్నట్టు" అన్నారు.

మూడో రోజు

పొద్దున్న ఎనిమిదింటికి దివ్య ఇన్సులిన్ చేసింది. "పావుగంటలో తినెయ్యాలి బాబాయ్ గారూ" అని చెప్పి, నాలుగు ఇడ్లీలూ చట్నీ ఉన్న క్యాంటీను పొట్లం నా ఒళ్ళో పెట్టి పక్క మంచాలకి వెళ్ళింది. మంగ బట్టలు ఉతుక్కుని రావడానికి వాళ్ళ పెద్దమ్మ గారింటికి వెళ్ళింది.

నాలుగో మంచంలో కాట్రేనికోన నుంచి వచ్చినాయన ఉన్నాడు. చేపల వేటకి వెళ్ళే మనిషి. కడుపు ఆపరేషనై మత్తుగా పడుకున్నాడు. భార్య మహాలక్ష్మి ముందు రోజు మధ్యాహ్నం నుంచి ఆయన కాళ్ళ దగ్గరే కూర్చుని ఉంది. ఎవరు పొట్లం విప్పినా తల గోడ వైపు తిప్పుకునేది. అలా తల తిప్పుకోవడం నాకు తెలుసు. ఎన్ని పెళ్ళిళ్ళలో చూశాను, పిలవని చోటికి వచ్చి పందిరి గుంజ దగ్గర నిలబడేవాళ్ళని!

"తినమ్మా. నాకు ఇంటి నించి వొస్తుంది" అని పొట్లం అందించాను. రెండుసార్లు వద్దంది. మూడోసారి తీసుకుని, కొంగు అడ్డం పెట్టుకుని తినేసింది. నాకు ప్రాణం హాయిగా అనిపించింది.

కాసేపటికి దివ్య తల తిప్పి, "తిన్నారా బాబాయ్ గారూ?" అంది.

"అయిందమ్మా. శుభ్రంగా తిన్నాను" అన్నాను.

అమ్మతోడు, అబద్ధం చెబుతున్నానని నాకు తోచనే లేదు. మా వైపు ఆ ప్రశ్నకి లేదు అని ఎవరంటారండీ? గుమ్మంలో నిలబడి ఎవరైనా భోంచేశారా అంటే, కడుపు కాలిపోతున్నా అయిందండీ అంటాం. లేదంటే పాపం ఆ ఇల్లాలు పొయ్యి వెలిగించాలి. అందులో నేను వంటవాణ్ణి. ఆఖరి బంతి వాళ్ళు విస్తళ్ళు మడిచి లేచేదాకా ముద్ద ముట్టను. పెళ్ళివారు వచ్చి "మీరు తిన్నారా?" అంటే "అయిందండీ" అనడం ఇరవై ఎనిమిదేళ్ళ అలవాటు. దివ్య పుస్తకంలో తిన్నారు అని రాసుకుని వెళ్ళిపోయింది.

తొమ్మిదిన్నరకి మొదట చేతులు వణికాయి. తర్వాత ఒళ్ళంతా చెమట. దివ్యని పిలుద్దామనుకున్నాను, నాలుక తిరగలేదు. పైన ఫ్యాను రెండుగా కనిపించింది. ఎవరో పరిగెత్తడం, నా వేలు పొడవడం, చేతి నరంలోకి చల్లగా ఏదో ఎక్కడం. అంతే తెలుసు. కళ్ళు తెరిచేసరికి మంగ తడి జుట్టుతో నా తల దగ్గర నిలబడి ఉంది. డాక్టరు గారు పుస్తకం తిరగేస్తున్నారు.

"టిఫిన్ తిన్నాక కూడా షుగరు ఇంతలా పడిపోయిందంటే నాకు నచ్చట్లేదమ్మా" అన్నారాయన మంగతో. "కాలిలో విషం రక్తంలోకి దిగి, కిడ్నీల మీద పడుతోందేమోనని అనుమానం. ఇంక ఆగితే మనిషికే ప్రమాదం. సాయంత్రం నాలుగింటికి కాలు తీసేద్దాం."

"ఎంతవరకండీ?" అంది మంగ. ఆయన తన ప్యాంటు మీద మోకాలి కింద చెయ్యి అడ్డంగా పెట్టి చూపించారు. కాగితం తెచ్చారు. మంగ దాన్ని చదవలేదు. చేతి వేళ్ళు వణుకుతుంటే రెండో చేత్తో పట్టుకుని సంతకం పెట్టింది.

నాకు అప్పటికేమీ తట్టలేదని చెబితే అది ఇంకో అబద్ధం అవుతుంది. తినకపోవడం వల్లేమో అని లోపల గుచ్చుకుంది. కానీ ఎలా చెప్పను? మహాలక్ష్మి తల వంచుకుని అక్కడే ఉంది. నా ఇడ్లీలు ఆవిడ తిందని వార్డంతా వినేలా అనమంటారా? పైగా దివ్యకి చివాట్లు పడతాయి. అంత చదువుకున్న డాక్టరు గారి నిర్ణయం నాలుగు ఇడ్లీలతో మారుతుందా అనుకున్నాను. కాలు పోతుందని తెలిసీ నోరు విప్పలేదు. ఇంత మొండి మర్యాద పగవాడికి కూడా వద్దు.

రెండింటికి డ్యూటీ మారింది. అప్పగింతలు మొదలయ్యాయి. దివ్య గొంతు నీరసంగా ఉంది. "సత్తిబాబు గారండి. ఎనిమిదింటికి ఇన్సులిన్ చేసేం. టిఫిన్ తిన్నారు. తొమ్మిదిన్నరకి షుగరు పడిపోయింది. నాలుగింటికి ఆపరేషను." కొత్తగా వచ్చిన అమ్మాయి అదంతా తిరిగి చెప్పింది. ఎస్తేరు గారు నా వైపు తిరిగారు. ఎప్పటిలా తేడా ఉందా అని అడుగుతారనుకున్నాను. లేదండీ అనడానికి సిద్ధంగా ఉన్నాను.

"పొద్దున్న చట్నీ ఎలా ఉందండీ?" అన్నారు.

"బాగుందండీ" అన్నాను.

ఆవిడ పచ్చ తెర లాగి, మంచం మీద నా పక్కనే కూర్చుని గొంతు తగ్గించారు. ఆ గొంతు తగ్గుతుందని నాకు అప్పుడే తెలిసింది.

"రెండు రోజుల్నించీ ఆ చట్నీని చెడామడా తిట్టిన మనిషి ఇవేళ ఒక్క వంకా పెట్టలేదేవండీ? ఉప్పు సరిపోయిందా? పోపు వేగిందా?"

నేను నాలుగో మంచం వైపున్న తెర కేసి చూశాను.

"సత్తిబాబు గారూ, మీరు తిన్నారా లేదా అని నేనడగట్లేదు. ఆ పొట్లం ఏవైందో చెప్పండి. ఎవర్నీ ఏవీ అనను. నాకు మీ కాలు కావాలండీ."

అప్పుడు చెప్పాను. చెబుతూ ఏడ్చాను. మహాలక్ష్మి పేరు చెప్పకుండా ఎవరికో ఇచ్చానన్నాను. తెర అవతల నుంచి ఆవిడే ఒక్కసారి బావురుమంది. "నేనే తిన్నానండమ్మగారూ! ఆయన మందు వేయించుకున్నారని నాకు తెల్దండీ! తెలిస్తే నా గొంతులోకి దిగుద్దా అండీ!"

ఎస్తేరు గారు ముందు ఆవిడ దగ్గరికి వెళ్ళారు. ఆ సంగతి నేను బతికున్నంత కాలం మరిచిపోను. నాలుగింటికి ఆపరేషను పెట్టుకుని కూడా, ముందు ఆవిడ భుజం మీద చెయ్యి వేసి, "ఆకలేసి తిన్నావు. నువ్వేం తప్పు చెయ్యలేదమ్మా" అన్నారు. ఆ తర్వాతే ఫోను దగ్గరికి పరుగు. డాక్టరు గారు వేరే ఆపరేషనులో ఉన్నారట. "ఉంటే ఉన్నారు, ఫోను ఆయన చెవి దగ్గర పెట్టండి, నేను మాట్లాడతాను" అన్నారావిడ.

వార్డంతా విన్నాం. "మూడో మంచం సత్తిబాబు గారండి. ఇన్సులిన్ చేసేక ఆయన ఏమీ తినలేదండి. తిన్నారని మేం రాసింది తప్పు. షుగరు అందుకే పడి ఉండొచ్చు. నాలుగింటికి ముందు మీరోసారి వొచ్చి చూడాలండి." అంతే. సాగదీయడం లేదు, నీళ్ళు నమలడం లేదు, ఇంకొకళ్ళ మీదకి తోసెయ్యడం లేదు. మేం రాసింది తప్పు అన్న ఆ మాట అంత పెద్ద మనిషి అంత తేలిగ్గా ఎలా అనగలిగారో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

డాక్టరు గారు నెత్తిన టోపీతోనే వచ్చారు. నా కాలు మళ్ళీ చూశారు, జ్వరం చీటీ చూశారు, రక్తం మళ్ళీ తీయించారు. మూడున్నరకి కాగితాలు వచ్చాయి. కిడ్నీలు బాగానే ఉన్నాయట. జ్వరం నిన్నటి కంటే తగ్గిందట. "ఇవేళ వద్దు. ఇంకో రెండు రోజులు ఆగుదాం" అన్నారు. వెళ్ళబోతూ ఆగి, "థాంక్సండీ ఎస్తేరు గారూ. మీరు అడక్కపోతే నేను కోసేసేవాణ్ణి" అన్నారు అందరి ముందూ. వినేవాళ్ళూ అడిగేవాళ్ళూ ఇద్దరూ ఉన్న చోట పడ్డాను. నా అదృష్టం అది.

దివ్య మందుల గదిలో ఏడుస్తోందని తెలిసింది. ఎస్తేరు గారు అందరినీ నా మంచం చుట్టూ నిలబెట్టారు. "దివ్య అడిగింది, ఈయన చెప్పేరు, అది రాసింది. మన వైపు తిన్నారా అంటే లేదని ఎవరంటారు? అడగడంలోనే ఉంది తప్పు. ఇవేల్టి నించీ ఏం తిన్నారు, ఎన్ని తిన్నారు అని అడగండి. ఖాళీ పొట్లం కళ్ళతో చూసి రాయండి." అని నా వైపు తిరిగి, "తప్పు కాస్త మీదీ ఉందనుకోండి" అన్నారు. 

"ఆయ్, చాలా ఉందండీ" అన్నాను.

తర్వాతి రోజులు

మంగ మాత్రం క్షమించలేదు. ఒకటిన్నర రోజు నాతో మాట్లాడలేదు. గంజి తాగించేది, మొహం తుడిచేది, మాట్లాడేది కాదు. చివరికి నేనే బతిమాలితే కోపం కట్టలు తెంచుకుంది.

"మీ కాలు తియ్యమని నా చేత సంతకం పెట్టించేరు. నా చెయ్యి వణుకుతుంటే చూస్తా పడుకున్నారు. ఎవరో ఏవో అనుకుంటారని కాలు ఇచ్చేద్దామనుకున్నారా? ఆ కాగితం మీద పేరు నాది కాదా? రేపట్నించీ నేను ఆ చేత్తోనే కదా మీకు అన్నం పెట్టాలి?"

ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. విదిలించుకుంది. కాసేపయ్యాక తనే తెచ్చి నా చేతి మీద పెట్టింది.

కాలు మందులకి లొంగింది. కానీ రెండు వేళ్ళు, చిటికెన వేలూ దాని పక్కదీ, అప్పటికే చచ్చిపోయాయి. అవి తీశారు. తీసే ముందు డాక్టరు గారు బొమ్మ గీసి చూపించారు, దివ్య మళ్ళీ చెప్పింది, ఎస్తేరు గారు నా చేత తిరిగి చెప్పించుకున్నారు. భయం వేయలేదని కాదు. వేసింది. కానీ ఏం జరగబోతోందో అక్కడున్న అందరికీ ఒక్కలాగే తెలుసు, నాకూ తెలుసు. అది ఎంత ధైర్యమో పడుకున్నవాడికే తెలుస్తుంది. మహాలక్ష్మి మొగుడితో ఇంటికెళ్ళేటప్పుడు నా మంచం దగ్గరికొచ్చి దణ్ణం పెట్టింది. నేనూ తిరిగి దణ్ణం పెట్టాను.

ఇది చదివేవాళ్ళకి నా విన్నపం ఒక్కటే. ఆసుపత్రిలో మిమ్మల్ని ఏదైనా అడిగితే అది పలకరింపు అనుకోకండి. మందు వేసుకున్నారా అంటే వేసుకోకపోతే లేదనండి. చెప్పింది అర్థం కాకపోతే అర్థం కాలేదనండి. అక్కడ మీ మర్యాద ఎవరికీ అక్కర్లేదు.

పదమూడో రోజున నన్ను నిలబెట్టారు. ఒక పక్క దివ్య, ఒక పక్క మంగ. ఎస్తేరు గారు ఎదురుగా. డాక్టరు గారు నా కాళ్ళ దగ్గర గొంతుక్కూర్చుని కుడి పాదం నేలమీద ఆనించారు. నిలబడ్డాను. ఒళ్ళంతా ఊగింది గానీ నిలబడ్డాను. పక్క మంచాల వాళ్ళు లేచి చూస్తున్నారు. దివ్య కళ్ళు మెరుస్తున్నాయి.

"నేల తెలుస్తోందా అండీ?" అన్నారు డాక్టరు గారు పైకి చూసి. ఎంత ఆశగా అడిగారో!

ఆయ్, తెలుస్తోందండీ అన్న మాట నాలుక చివర్న ఉంది. ఇంతమంది ఇన్ని రోజులు కష్టపడితే వాళ్ళ మొహం మీద కాదని ఎలా అంటాం? మంగ వైపు చూశాను. ఆవిడ నా వైపు చూడకుండా నేల చూస్తోంది.

"లేదండీ" అన్నాను. "ఏమీ తెలియట్లేదు. రెండేళ్ళయింది తెలియక."

డాక్టరు గారు లేచి నిలబడి, "రెండేళ్ళా! ఇది అప్పుడే చెప్పుంటే ఆ రెండు వేళ్ళూ ఉండేవి కదండీ" అన్నారు మెల్లగా. ఎస్తేరు గారు దివ్యకి పుస్తకం అందించి, "రాసుకోమ్మా. పేషెంటే చెప్పేరని రాయి" అన్నారు.

మంగ నన్ను మంచం మీద కూర్చోబెట్టి కాలికి దుప్పటి సర్దింది. కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"పెళ్ళయిన ఇన్నాళ్ళకి నాకో నిజం చెప్పేరు" అంది.

"నీకెక్కడ చెప్పేనే? డాక్టరు గారికి చెప్పేను."

"నేను పక్కనే ఉన్నాను కదండీ" అంది మంగ. "విన్నాను."